ఏటికి ఎదురు వచ్చే నీరు

పిల్లలూ, నీరు పల్లమెరుగు అనే సామెత మీరు వినే ఉంటారు. కొండమీద పడిన వాన వాగులో కలుస్తుంది, వాగు ఏటిలో కలుస్తుంది, ఏరు సముద్రంలో కలుస్తుంది. నీరు ఎప్పుడూ పల్లానికే పోతుంది తప్ప మెరకకు రాదు. ఇది మీకు మూడో తరగతిలోనే చెబుతారు.

ఐతే సముద్రానికి దగ్గిరగా ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన పిల్లలను అడిగితే వాళ్ళు వేరే సంగతి చెబుతారు. అక్కడ ఏరు రోజులో కొంతసేపు సముద్రంకేసి పారుతుంది, మళ్ళీ కొంతసేపు వెనక్కు తిరిగి ఊళ్ళవైపు పారుతుంది. ఇలా రోజుకు రెండుసార్లు జరుగుతుంది. నీరు పైకి పెరగడాన్ని పోటు అంటారు. తగ్గి వెనక్కు పోవడాన్ని పుస్తకాలలో ఆటు అంటారు. మా గోదావరి జిల్లాల పల్లెకారులు దాన్ని పాటు అంటారు.

నేను ముప్ఫై యేళ్ళకు పైగా గోదావరి లంకల్లోనూ, సముద్రపు ఒడ్డునా ఉన్న బళ్ళలో పనిచేశాను. మెట్ట ప్రాంతాలనుంచి బదిలీ మీద వచ్చే ప్రతి ఉపాధ్యాయుడూ మొదటి వారంలోనే ఒక సాయంత్రం రేవులో నిలబడి, "ఏమండీ, ఈ ఏరు ఎటు పారుతున్నది?" అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే కొండలను గురించీ, చంద్రుణ్ణి గురించీ, వానలను గురించీ, గాలిని గురించీ కూడా చెప్పాలి. ఇవాళ ఆ జవాబే మీకు చెబుతాను.

మొదట కొండల సంగతి. గోదావరి నాసిక్ దగ్గిర త్ర్యంబకంలో పుడుతుంది. అక్కడినుంచి పడమటి సముద్రం 80 కిలోమీటర్లు మాత్రమే. అంత దగ్గిరలో సముద్రం పెట్టుకుని కూడా గోదావరి అటు పోదు. తూర్పుకు తిరిగి, 1465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఎందుకని? దక్కను పీఠభూమి పడమట ఎత్తుగానూ, తూర్పుకు వాలుగానూ ఉన్నది. ఒక కాలు కింద ఇటుక పెట్టిన మంచాన్ని ఊహించుకోండి. దానిమీద నీళ్ళు ఒలికితే ఎటు పోతాయి? గోదావరీ అంతే, కృష్ణా అంతే.

ఇంత దూరం నడిచే ఏరు ఊరికే రాదు. దారిపొడవునా మట్టిని తోడుకుంటూ వస్తుంది. పాపికొండలు దాటేవరకూ కొండలు దాన్ని రెండు ప్రక్కలా ఒత్తిపట్టి ఉంచుతాయి. అవి దాటగానే ఏరు వెడల్పవుతుంది, వడి తగ్గుతుంది. ధవళేశ్వరం దిగువను గౌతమి, వశిష్ఠ అనే పాయలుగా చీలుతుంది. వశిష్ఠనుంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. వడి తగ్గిన నీరు మట్టిని మొయ్యలేదు గదా! అందుచేత ఎక్కడికక్కడ దించేస్తుంది. అలా వేల సంవత్సరాలపాటు దించిన ఒండ్రు మట్టే కోనసీమ. కొబ్బరితోటలూ, వరిచేలూ, ఊళ్ళూ, బళ్ళూ అన్నీ ఏరు మోసుకొచ్చిన మట్టిమీదే ఉన్నాయి.

నీరు తెచ్చి పరచిన నేల గనక అది బల్లపరుపుగా ఉంటుంది. వాలు కంటికి ఆనదు. సముద్రపు నీరు ఒక మీటరు పెరిగితే చాలు, ఆ నీరు ఏటి వెంట ఎన్నో కిలోమీటర్లు లోపలికి నడిచి వస్తుంది. నిట్రమైన కొండ ఒడ్డున అదే మీటరు నీరు పెరిగితే ఒక రాయి మునుగుతుంది, అంతే. చూశారా, నేల ఆకారాన్నిబట్టి ఒకే పోటు ఒకచోట ఊరిదాకా వస్తుంది, మరొకచోట రాతిదగ్గిరే ఆగిపోతుంది.

ఇక చంద్రుడి సంగతి. చంద్రుడు భూమిని ఆకర్షిస్తాడు. తనకు ఎదురుగా ఉన్న ప్రక్క నీటిని ఎక్కువగానూ, అవతలి ప్రక్క నీటిని తక్కువగానూ లాగుతాడు. అందుచేత చంద్రుడికి ఎదురుగా ఉన్న చోటా, దానికి సరిగ్గా వెనకవైపునా కూడా సముద్రం కాస్త ఉబ్బుతుంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ రోజూ ఈ రెండు ఉబ్బులనూ దాటుతుంది. రోజుకు రెండు పోట్లు రావడానికి కారణం ఇదే. ఈలోగా చంద్రుడు కూడా ఆకాశంలో కొంత ముందుకు జరుగుతాడు. అతన్ని అందుకోవడానికి భూమికి మరో 50 నిమిషాలు పడుతుంది. అందుచేత ఇవాళ తొమ్మిదింటికి పోటు వస్తే రేపు తొమ్మిదీ యాభైకి వస్తుంది.

సూర్యుడికి కూడా ఇందులో కొంత పాత్ర ఉన్నది. పున్నమినాడూ, అమావాస్యనాడూ సూర్యచంద్రులు భూమితో ఒకే వరసలో ఉంటారు గనక ఇద్దరి బలమూ కలిసి పోటు పెద్దదౌతుంది, పాటు కూడా బాగా తీస్తుంది. అష్టమి ప్రాంతాలలో ఒకరి బలాన్ని మరొకరు తగ్గిస్తారు. అప్పుడు పోటూ చిన్నదే, పాటూ చిన్నదే.

ఐతే చంద్రుడు అందరికీ ఒక్కడే అయినా పోటు మాత్రం అన్నిచోట్లా ఒకటి కాదు. పెద్ద పోటునాడు చెన్నపట్నంలో నీరు సుమారు 1 మీటరు పెరిగితే, కాకినాడలో సుమారు మీటరున్నర పెరుగుతుంది. గంగ సముద్రంలో కలిసే సాగర్ ద్వీపం దగ్గిర 5 మీటర్లదాకా ఉంటుంది. గుజరాత్‌లోని ఖంభాత్ అఖాతంలో 10 మీటర్లు దాటుతుంది! తీర్థం రోజున వెడల్పాటి వీధిలో హాయిగా నడిచే జనం చిన్న సందులో దూరేసరికి ఎలా ఒత్తుకుంటారో మీరు చూసే ఉంటారు. సముద్రం కూడా అంతే. బంగాళాఖాతం ఉత్తరానికి పోయేకొద్దీ సన్నబడుతుంది, లోతు తగ్గుతుంది. ఖంభాత్ అఖాతం గరాటా లాగా ఉంటుంది. దారి ఇరుకైనచోట నీరు పైకి లేవక తప్పదు.

ఈ లెక్క అంతా మాకు ఒకసారి బడిలోనే అవసరపడింది. గౌతమి ఒడ్డున ఒక ఊళ్ళో నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న రోజులలో మడ అడవి అవతలి పేటనుంచి పధ్నాలుగు మంది పిల్లలు పడవమీద బడికి వచ్చేవాళ్ళు. మధ్యలో ఒక కాలువ ఉన్నది. కొన్ని రోజులలో మధ్యాన్నం గంట కొట్టగానే వాళ్ళు నా గది ముందు నిలబడేవాళ్ళు. "మేష్టారండీ, ఇయ్యాళ తొందరగా వదిలెయ్యండి. పాటు తీసేస్తాదండి, పడవ కూలబడిపోద్దండి," అనేవాళ్ళు. మరికొన్ని రోజులలో అసలు అడిగేవాళ్ళే కారు. ఇదంతా బడి ఎగవేసే ఎత్తు అని మా ఉపాధ్యాయులలో ఒకరికి అనుమానం. కాని ఒక అమావాస్య సాయంత్రం పడవ నిజంగానే బురదలో కూలబడింది. చీకటి పడి, మళ్ళీ పోటు వచ్చి పడవ తేలేదాకా ఆ పసివాళ్ళు దోమల మధ్య కూర్చోవలసివచ్చింది. పెద్దవాళ్ళు లాంతర్లు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చారు.

మర్నాడు ఎనిమిదో తరగతి పిల్లలను రేవుకు తీసుకుపోయాను. ఒక వెదురుగడకు అంగుళానికొక గీత చొప్పున పెట్టి, నీళ్ళలో పాతించాను. పొద్దుట బడి పెట్టేముందునుంచి సాయంత్రందాకా గంటకొకసారి ఒకరు పోయి నీరు ఏ గీత దగ్గిర ఉన్నదో రాసుకురావాలి. నెలరోజులు అలా రాశారు. ఆ పేటనుంచి వచ్చే ఒక అమ్మాయి అంకెలు చూసి, "రోజూ ముప్పావు గంటకి పైన వెనక్కి జరుగుతాందండి!" అన్నది. ఆ అంకెల ప్రక్కనే పంచాంగం చూసి తిథులు రాయించాను. పడవ కూలబడే ప్రమాదమున్న రోజులన్నీ పున్నమికీ, అమావాస్యకూ అటూ ఇటూ ఉండే మూడు నాలుగు రోజులే! పున్నమినాడు ఆ కాలువలో నీరు బాగా తీసేది నాలుగింటికైతే, మర్నాడు ఐదు కావస్తుంది, ఆ మర్నాడు ఆరు కావస్తుంది. అదే రోజులలో పొద్దున చూస్తే కాలువ నిండుగా ఉంటుంది.

ఇక ఏం చెయ్యాలో తెలిసింది. ఆ రోజులలో పేట పిల్లలు పొద్దున పోటుమీద ముందుగానే వచ్చేవాళ్ళు. నేను ఎనిమిదింటికే బడి తెరిచి సాయంత్రం పాఠాలు వాళ్ళకు అప్పుడే చెప్పేవాణ్ణి. నీళ్ళుండగానే ఇంటికి పంపేవాళ్ళం. తరగతి గోడమీద ఆ పట్టిక చాలాకాలం ఉన్నది. అప్పటినుంచి ఎవరికీ పాఠం తప్పలేదు, ఏ పిల్లా చీకట్లో బురదలో కూర్చోలేదు.

ఆ అమ్మాయి తాత పాతకాలపు పడవ సరంగు. ఒకనాడు వచ్చి పట్టిక చూసి, అదేమిటని అడిగాడు. మనమరాలు చెప్పింది. ఆయన నవ్వి, "దీనికింత కాయితం ఎందుకండి బాబూ? ఆకాశంకేసి చూస్తే తెలవదేంటండి?" అన్నాడు. వెంటనే నవ్వు మాని, "ఒక్కటి మట్టుకు రాసుకోండి. ఈశాన్నం గాలి గట్టిగా పట్టిందంటే మీ లెక్కా తప్పుద్ది, నా లెక్కా తప్పుద్ది," అన్నాడు.

ఆయన చెప్పింది నిజం. పోటును ఆజ్ఞాపించేది చంద్రుడే అయినా, ఆ ఆజ్ఞ ఎంతవరకు సాగుతుందో తేల్చేవి వానా గాలీ.

జూన్ నెలలో నైరుతి ఋతుపవనం వస్తుంది. మహారాష్ట్రలోనూ, తెలంగాణలోనూ, ఛత్తీస్‌గఢ్ అడవులలోనూ కురిసిన వాన ఎర్రనీరై దిగుతుంది. అప్పుడు ఏరు బలంగా ఉంటుంది. పోటు వచ్చినా ఉప్పునీరు లోపలికి రాలేదు. మంచినీరే సముద్రంలోకి చొచ్చుకుపోతుంది. సముద్రంలో ఉండే ఇలస చేప ఈ ఎర్రనీటిని ఎదుర్కొంటూ గుడ్లు పెట్టడానికి ఏట్లోకి ఈదుకొస్తుంది. గోదావరి నీట పడ్డాక దాన్నే పులస అంటారు. 1986 ఆగస్టులో వచ్చిన వరద నేను కళ్ళారా చూశాను. ధవళేశ్వరం దగ్గిర 35 లక్షల క్యూసెక్కుల నీరు దిగింది. అంటే సెకనుకు 35 లక్షల ఘనపుటడుగులు! ఆ రోజులలో మా రేవులో పోటు అనే మాటే లేదు. రాత్రింబగళ్ళు నీరు సముద్రంకేసే పరిగెత్తింది.

ఎండాకాలం వచ్చేసరికి ఇదంతా తారుమారవుతుంది. పైనుంచి నీరు రాదు. పోటు నెమ్మదిగా పాయలలోకి ఎక్కుతుంది. ఉప్పునీరు మంచినీటికంటె బరువు గనక అడుగున జారుతూ వస్తుంది. పైన తియ్యగా ఉన్న నీరే అడుగున ఉప్పగా ఉండవచ్చు. ఇది మీరు ఇంట్లోనే చూడవచ్చు. గాజుగ్లాసులో సగం మంచినీళ్ళు పొయ్యండి. మరో గిన్నెలో నీళ్ళలో బాగా ఉప్పు కరిగించి, రెండు చుక్కలు సిరా కలపండి. ఆ నీటిని గ్లాసు అంచు వెంట మెల్లిగా జారవిడవండి. రంగునీరు అడుగుకు పోయి అక్కడే పరుచుకుంటుంది. ఏటిమొగలో జరిగేది కూడా అదే.

గాలి చేసే పని ఇంకా చిత్రమైనది. నైరుతి గాలులకు లేచే అలలు మన తీరం వెంట ఇసుకను ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య గాలులు కొంత వెనక్కు నెడతాయి. కాని ఏడాది మొత్తంమీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. గౌతమి మొగలో పడ్డ ఇసుకను ఈ అలలే ఉత్తరానికి తీసుకుపోయి, 15 కిలోమీటర్లకు పైగా పొడుగున్న ఒక ఇసుకదిబ్బను తయారుచేశాయి. దాని కొననే హోప్ ఐలాండ్ అంటారు. సుమారు రెండు వందల యేళ్ళలో పెరిగిన నేల అది. ఆ దిబ్బ అడ్డంగా ఉండడంచేత దాని వెనక కాకినాడ దగ్గిర సముద్రం శాంతంగా ఉంటుంది, ఓడలు నిలవడానికి వీలుగా ఉంటుంది.

అలాగని నీరూ ఇసుకా అందరికీ మేలే చేస్తాయని అనుకోకండి. కాకినాడకంటె ముందు పేరుమోసిన రేవు కోరంగి. అక్కడ ఓడలు కట్టేవాళ్ళు. అక్కడినుంచి బర్మా పోయినవాళ్ళ పేరుమీదనే బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలు అనేవాళ్ళు. 1789లోనూ, 1839లోనూ వచ్చిన తుఫానులు కోరంగిని ముంచాయి. తరవాత ఏరు తెచ్చిన మట్టి రేవును పూడ్చింది. ఇప్పుడు కోరంగికీ సముద్రానికీ మధ్య కిలోమీటర్ల కొద్దీ మడ అడవి ఉన్నది.

సరంగు తాత భయపడిన గాలి తుఫాను గాలే. తుఫాను నీటిని ఒడ్డుకు నెడుతుంది. తీరంలో సముద్రం లోతు తక్కువైతే ఆ నీటికి పోయే దారి లేక గోడలాగా లేస్తుంది. దీన్ని ఉప్పెన అంటారు. అది పోటువేళకు వస్తే మరీ ఘోరం. 1977 నవంబరు 19న కృష్ణా మొగలోని దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. దాదాపు 10,000 మంది పోయారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుఫానుకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. తెల్లారి చూస్తే కొబ్బరితోటలు చాపల్లాగా పరుచుకుని ఉన్నాయి. ఆ రాత్రి మా ఎరికలో, ముందుగానే పడవలను మడ అడవి కాలువలలోకి తోసి చెట్లకు కట్టుకున్నవాళ్ళకు పడవలు దక్కాయి.

మడచెట్టు చూడడానికి గొప్పగా ఉండదు. కాని ఉప్పునీట్లో బతకగల చెట్టు అది. రోజుకు రెండుసార్లు మునిగే బురదలో వేళ్ళకు గాలి అందదు గదా! అందుకని తెల్లమడ వేళ్ళు పెన్సిళ్ళలాగా నేలలోంచి పైకి పొడుచుకువచ్చి గాలి పీలుస్తాయి. ఆ వేళ్ళ మధ్య పోటునీటి వడి తగ్గి, అందులోని మట్టి దిగబడుతుంది. అలల బలాన్ని కూడా అవి తగ్గిస్తాయి. కోరంగి మడ అడవిని 1978లో అభయారణ్యంగా చేశారు. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మన నేల ఒకసారి తయారై అలాగే ఉండిపోయేది కాదు. ఒండ్రు నేల ఏటేటా కాస్త అణుగుతుంది. సముద్రం కాస్త కాస్త కోస్తుంది. భూమి వేడెక్కడంవల్ల ప్రపంచమంతటా సముద్రమట్టం కూడా ఏటా 3, 4 మిల్లీమీటర్లు పెరుగుతున్నది. ఏరు తెచ్చే కొత్త మట్టే ఈ లోటును పూరించాలి. 1970ల దశాబ్దంలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల మట్టిని దిగువకు తెచ్చేది. 1990ల దశాబ్దానికి అది 6 కోట్ల టన్నులకంటె తగ్గింది. ఏటి పొడుగునా కట్టిన ఆనకట్టలలో చాలా మట్టి ఆగిపోవడమే దీనికి ముఖ్యకారణం. డెల్టా అంచున సముద్రం నేలను మింగిన చోట్లు చాలా ఉన్నాయి. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడలో ఇళ్ళూ, రోడ్డూ సముద్రం పాలుకావడం నేను చూశాను.

మరి ఆనకట్టలు వద్దా? ఆ మాట నేను అనలేను. 1852లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచెయ్యకముందు ఈ జిల్లాలు కరువులతో అల్లాడాయి. ఆ నీటితో పండిన అన్నమే నేను తిన్నాను, నా తల్లిదండ్రులూ తిన్నారు. కాని ఒక మంచిపనికి కూడా ఖరీదు ఉంటుంది. ఆ ఖరీదు ఎంతో, ఎవరు చెల్లిస్తున్నారో తెలుసుకోవడం మన విధి. పైన ఇసుక తవ్వినా, దిగువ మడచెట్లు నరికినా, దాని ఫలితం మొదట అనుభవించేవాళ్ళు మొగ దగ్గిర పేటలలోని పిల్లలే. వాళ్ళ నూతి నీళ్ళే ముందుగా ఉప్పన అవుతాయి, వాళ్ళ చేలే ముందు చౌడు బారుతాయి. ఏరు మనది అనుకునేవాళ్ళందరూ ఆలోచించవలసిన సంగతి ఇది.

పిల్లలూ, ఇక మీకొక పని. మీ ఊరు సముద్రానికో, మొగకో దగ్గిరగా ఉంటే, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని పోయి రేవులో ఒక గడ పాతించండి. పదిహేను రోజులు నీటిమట్టం రాసి, ప్రక్కన తిథి వెయ్యండి. మీ ఊరు దూరంగా ఉంటే, పున్నమి మొదలు అయిదు రోజులు చంద్రుడు ఎన్నింటికి ఉదయిస్తున్నాడో రాయండి. రోజూ ఎంత ఆలస్యమౌతున్నదో లెక్క కట్టండి. తరవాత మీ ఇద్దరి లెక్కలూ ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. చంద్రుణ్ణి చూసినవాళ్ళకు పోటు వేళ తెలుస్తుంది. పోటును చూసినవాళ్ళకు చంద్రుడు ఎక్కడున్నదీ తెలుస్తుంది.